దొరువులో దిగనివ్వని కాళ్ళు

మా అత్తగారి ఊళ్ళో తాగేనీళ్ళకు బావి లేదు. తవ్విన చోటల్లా ఉప్పునీళ్ళే పడేవి. ఊరికి తూర్పున, సరుగుడు తోటలు దాటాక ఇసుకదిబ్బల మధ్య ఒక దొరువు ఉండేది. దొరువంటే ఇసుకలో తవ్విన పెద్ద గుంట. అడుగున మోకాలి లోతు నీళ్ళు ఊరి నిలుస్తాయి. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఆ నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి. చేదకూ గిలకకూ అక్కడ పని లేదు. ఆడవాళ్ళు చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, ఇసుక జారకుండా వేసిన తాటిమొద్దుల మీదుగా దిగి, నీళ్ళలో నిలబడి చెంబుతో ముంచి బిందెలో పోసుకోవాలి.

దిగే ముందు గట్టు మీద కాళ్ళు కడుక్కోవాలి. పుండ్లున్నవాళ్ళు, గజ్జి ఉన్నవాళ్ళు, బోదకాలు ఉన్నవాళ్ళు దిగకూడదు. అలాంటివాళ్ళు బిందె గట్టున పెట్టుకుని నిలబడితే, దిగినవాళ్ళలో ఎవరో ఒకరు ముంచి పోస్తారు. ఎవరూ దండోరా వేసి పెట్టిన కట్టుబాటు కాదది. ఊరంతటికీ తాగే నీళ్ళు అవొక్కటే కాబట్టి అందరూ పాటించేవాళ్ళు. కోడలిగా వచ్చిన కొత్తలో నాకూ సబబుగానే తోచింది. బోదకాలున్న ఒకామె బిందెలో నేనూ నీళ్ళు పోసినదాన్నే.

నేను పుట్టింది మనుబోలు పక్కన, రోడ్డుకు దగ్గరగా ఉన్న ఊళ్ళో. అక్కడ చెరువు నీళ్ళు, మొలగొలుకుల వడ్లు, ఇంట్లోకి వినిపించే బస్సుల చప్పుడు. ఏభైల చివర్లో నన్ను చిట్టమూరు అవతల ఇసుకలో ఉన్న ఈ ఊరికిచ్చారు. అత్తగారికి వరి పండే కయ్యలున్నాయి, సరుగుడు తోట ఉంది, తిండికి లోటు లేదు. మా ఆయన తక్కువ మాటల మనిషి. మా అత్త అందుకు పూర్తిగా ఎదురు.

పెళ్ళయిన కొన్నేళ్ళకు నాకు కూతురు పుట్టింది. కాన్పు తర్వాత నా కాళ్ళు మారిపోయాయి. పెద్దమనిషినైనప్పటి నుంచీ తొడలు కాస్త బరువుగానే ఉండేవి గానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిల్ల పుట్టాక పిరుదుల నుంచి చీలమండల దాకా రెండు కాళ్ళూ ఒకే తీరుగా లావెక్కాయి. చీలమండ దగ్గర గీత గీసినట్టు ఆ లావు ఆగిపోయేది. అక్కడ కండ మడతపడి పట్టీల మీదికి వాలేది. పట్టీల కింద పాదం మాత్రం పెళ్ళినాడు ఎలా ఉందో అలాగే ఉంది. నడుము పైభాగమూ మారలేదు. పాత రవికలు వదులయ్యాయి కూడా. పై సగం ఒకరిదీ కింది సగం ఇంకొకరిదీ తెచ్చి అతికించినట్టుండేదాన్ని.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. తాకితే నొప్పి. నడకవల్ల వచ్చే నొప్పి కాదు, ఊరికే తాకితే వచ్చేది. పిల్ల ఒళ్ళోకి ఎక్కుతూ మోకాలు నా తొడ మీద ఆనిస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మంచం పట్టె తగిలినా, బిందె అంచు తగిలినా మర్నాటికి అక్కడ నల్లగా కమిలేది. చాలాసార్లు ఏది తగిలిందో కూడా నాకు గుర్తుండేది కాదు. సొంత బిడ్డ ఒళ్ళోకొస్తే ఏడ్చే తల్లిని యాడా చూడలేదని మా అత్త నలుగురిలో అనేది. నాకు ఒళ్ళు మండేది. చూపించడానికి గాయం లేదు, చెప్పడానికి పేరు లేదు, ఏమని వాదించను?

దొరువు దగ్గర పెత్తనం మా వీధి చివరింటి పెద్దామెది. ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన మనిషి. ఆమె మాట ఎవరూ తీసేసేవాళ్ళు కాదు. ఒకనాడు పొద్దున నేను కాళ్ళు కడుక్కుని, చీర ఎగగట్టి, మొదటి మొద్దు మీద కాలు పెట్టబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మణ్ణీ, నువ్వు గట్టునే ఉండు. నేను ముంచి పోస్తాలే" అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"నీ కాళ్ళు చూసుకున్నావా? బోద మొదలైనట్టుండాది తల్లీ. నీ తప్పేం లేదు. అందరం తాగే నీళ్ళు గదా."

కసిరి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. నోరు నాకూ ఉంది. అంత మెత్తగా, అంత ప్రేమగా అనేసరికి బిందె ఆమె చేతికిచ్చేశాను. ఆమె నా బిందె నింపి, నెత్తిన చుట్ట కుదురు కూడా సర్ది పంపింది. దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

గట్టున నిలబడటమంటే ఏమిటో ఆ రోజు నుంచి తెలిసింది. మన బిందె ఎప్పుడు నిండుతుందో మన చేతిలో ఉండదు. తొందరున్నవాళ్ళు మొహం తిప్పుకుని పోతారు. జాలిపడేవాళ్ళు జాలి మాటలు కూడా బిందెలో పోస్తారు. ఆఖరున ఎవరో పోస్తే అడుగు కలగిన నీళ్ళొస్తాయి. ఇంటికి తెస్తే మా అత్త మూత తీసి చూసి, మాట్లాడకుండా చిల్లగింజ అరగదీసి వేసేది. నీళ్ళు తేరుకునేదాకా దాహంతో కూర్చోవాలి. వయసులో ఉన్నదాన్ని, రెక్కలున్నదాన్ని, నా బిడ్డకు గుక్కెడు నీళ్ళ కోసం ఇంకొకరి మొహం చూడాల్సి రావడం నాకు చచ్చేంత అవమానంగా ఉండేది. నాకు కావలసింది కాళ్ళు సన్నబడటం కూడా కాదు. మళ్ళీ ఆ మొద్దుల మీద దిగి నా నీళ్ళు నేను ముంచుకోవడం.

ఈలోగా రెండిళ్ళ మధ్య నీళ్ళ తగాదా మొదలైంది. బోదకాలు నీళ్ళవల్ల వస్తుందని ఆ రోజుల్లో మావైపు అందరి నమ్మకం. ఫలానా ఊరి నీళ్ళు తాగితే వస్తుందని ఆ ఊరికి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్ళు. పుట్టింటి చెరువునీళ్ళు తాగి తెచ్చుకుందని మా అత్త. మా ఊళ్ళో ఏ ఆడబిడ్డకూ లేదు, మీ గుంట నీళ్ళవల్లే వచ్చిందని మా నాయన. పండక్కు వచ్చి పీట మీద కూర్చుని, తాగడానికిచ్చిన చెంబును ముట్టుకోకుండా పక్కకు జరిపాడు. మా అత్త ఆ చెంబు తీసుకుని, మా నాయన చూస్తుండగానే గటగటా తాగేసింది. మా అమ్మ అప్పుడు నా పక్కనే ఉంది. ఆమె ఏ నీళ్ళనూ ఏమీ అనలేదు. రాగిచెంబు వంక చూస్తూ కూర్చుంది.

వైద్యాలు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. ఆముదపాకులు కాచి కట్టారు. గట్టిగా గుడ్డపట్టీలు చుట్టి రాత్రంతా ఉంచారు. తెల్లవారేసరికి ఆ మెలికల అచ్చు నల్లగా పడి, నొప్పికి నేను లేవలేకపోయాను. నాయుడుపేటలో కాంపౌండరు కాళ్ళు చూడకుండానే ఫైలేరియా అని మాత్రలిచ్చాడు. మింగితే కడుపులో తిప్పి కళ్ళకు చీకట్లు కమ్మేవి. మా అత్త పథ్యం పెట్టింది: చేపలు లేవు, పెరుగు లేదు, వంకాయ లేదు, చింతపండు లేదు, అన్నం ఒక్కపూట. సముద్రపు ఊళ్ళో ఉండి చేపల పులుసు వాసన చూస్తూ చారన్నం తినడం ఒక శిక్షే. ఆ పథ్యానికి నా మెడ ఎముకలు బయటపడ్డాయి, గాజులు మోచేతి దాకా ఎక్కాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు. మా అత్త దాన్ని చూసి, పథ్యం ఇంకా బిగించాలని అంది.

నేను ఇది బోదకాలు కాదేమో అని మొదట అనుకున్నది గట్టు మీదే. నాకు ముందు నుంచే అక్కడ నిలబడే బోదకాలామె ఉందని చెప్పాను గదా, ఇద్దరం పక్కపక్కన కూర్చుని మా బిందెల వంతు కోసం చూసేవాళ్ళం. చెయ్యడానికి ఇంకేమీ లేదు కనుక ఒకరి కాళ్ళు ఒకరం చూసుకునేవాళ్ళం. ఆమెది ఒక్క కాలే. ఆ కాలికి పాదమే ముందు ఉబ్బింది. వేళ్ళు లోపలికి కూరుకుపోయి, పైన చర్మం బిరుసెక్కి ఉంది. నాకు రెండూ ఒకటే తీరు, పాదాలకు ఏమీ లేదు.

"జొరం వస్తాదా నీకు?" అని అడిగాను.

"వచ్చినప్పుడల్లా చలి పుట్టి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఇంకాస్త ఉబ్బుతాది. నీకు రాదా?"

"ఒక్కసారి గూడా రాలా."

"ముట్టుకుంటే నొప్పా?"

"ప్రాణం పోతాది."

ఆమె తన కాలి మీద అరచేత్తో గట్టిగా చరిచింది. "నాకు ఇది మొద్దు. నీకూ నాకూ పొత్తు కుదరలా" అని నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆలోచనలో పడ్డాను. ఆమెకున్నవేవీ నాకు లేవు, నాకున్నవేవీ ఆమెకు లేవు. అలాంటప్పుడు ఇద్దరినీ ఒకే గట్టున ఎందుకు కూర్చోబెట్టారు?

ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను, నన్ను నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని. కోతలయ్యాక చూద్దామన్నాడు. కోతలయ్యాయి. కుప్పనూర్పులయ్యాక అన్నాడు. నేను అన్నం వడ్డించి, నీళ్ళ చెంబు పెట్టకుండా ఎదురుగా కూర్చున్నాను.

"నీళ్ళేవి?" అన్నాడు.

"దొరువులో ఉండాయి. నన్ను దిగనీరు. నువ్వు పోయి తెచ్చుకో."

మర్నాడు ఆయన బండి కట్టాడు.

నాయుడుపేట దాకా బండి, అక్కడి నుంచి నెల్లూరుకు బస్సు. పిల్లను మా అత్త దగ్గర వదిలి వెళ్ళాం. ఆసుపత్రిలో ఆడవాళ్ళను చూసేది ఒక డాక్టరమ్మ. మనిషి మనవైపు మనిషే, క్రైస్తవుల ఆడబిడ్డ. నడివయసు, మెడలో సన్నని గొలుసుకు చిన్న శిలువ. అంతకుముందు చూసినవాళ్ళెవరూ చెయ్యని పని ఆమె మొదటే చేసింది. నన్ను తెరవెనక బల్ల మీద పడుకోబెట్టి, పాదాల నుంచి నడుము దాకా రెండు కాళ్ళూ పూర్తిగా చూసింది. కమిలిన మచ్చల దగ్గర ఆగింది. తెర తొలగించి బయట బెంచీ మీదున్న మా ఆయన్ని లోపలికి పిలిచింది.

"కొడతావా?" అని అడిగింది.

మా ఆయన బిత్తరపోయాడు. నేనే పైకి లేచి, "లేదు డాక్టరమ్మా, ఆయన చెయ్యెత్తే రకం కాదు. ఎట్టా కములుతాయో నాకే తెలీదు" అన్నాను. ఆమె ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది, సరేనని పంపేసింది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా మా ఆయన ఆ ప్రశ్న మరిచిపోలేదు. నెల్లూరు పేరెత్తితే చాలు, 'నన్ను కొడతావా అని అడిగిన ఊరు' అనేవాడు.

డాక్టరమ్మ బొటనవేలితో నా మోకాలి కింద ఎముక మీద గట్టిగా నొక్కి పట్టుకుంది. నేను పళ్ళు బిగబట్టాను. వేలు తీశాక అక్కడ గుంట పడుతుందేమోనని చూసింది. పడలేదు. నీరు చేరితే గుంట నిలుస్తుందట. చీలమండ దగ్గర లావు ఆగిన చోట వేలితో చుట్టూ గీసి, కిందనున్న పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. జ్వరాలు వచ్చాయా, ఎప్పుడు మొదలైంది, పస్తులుంటే తగ్గిందా అని ఒక్కొక్కటే అడిగింది. ఫైలేరియా పురుగు రాత్రిపూటే రక్తంలో కనబడుతుందని చెప్పి, ఆ రాత్రి అక్కడే ఉంచి వేలి నుంచి రక్తం తీయించింది. మర్నాడు పిలిచి, అందులో ఏమీ లేదని చెప్పింది.

"రక్తంలో కనబడనంత మాత్రాన లేదని తేల్చెయ్యలేం. కానీ నీ కాళ్ళు చూస్తే ఇది బోదకాలు కాదు" అంది. "బోద పాదాన్ని వదలదమ్మా. నీకు పాదమే బాగుంది. ఇది కొవ్వు. ఆడవాళ్ళకే వస్తుంది, రెండు కాళ్ళకూ సమంగా వస్తుంది, తాకితే నొప్పి, ఊరికే కములుతుంది. దీనికి లిపిడీమా అని పేరు. నేను పుస్తకంలో చదివాను, ఒకరిద్దరిని చూశాను. అంతకంటే నాకూ తెలీదు."

"మందు?"

"లేదు. పస్తులు మానెయ్. అన్నం తిను, చేపలు తిను. గట్టిగా కట్లు కట్టొద్దు. బాగా నడువు. నీళ్ళలో నిలబడి పనిచేస్తే హాయిగా ఉంటుంది."

నీళ్ళలో నిలబడమనేసరికి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. దొరువు సంగతంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని, నీళ్ళకూ దీనికీ సంబంధం లేదని, వెళ్ళి ధైర్యంగా దిగమని చెప్పింది. నేను లేవబోతుంటే ఆగమంది.

"ఇది ఎక్కువగా తల్లివైపు నుంచి వస్తుంది. మీ అమ్మ కాళ్ళు ఎలా ఉంటాయి?"

మా అమ్మ కాళ్ళు నేను ఎప్పుడూ చూడలేదు. పాదాలు చూశాను. పసుపు రాసుకున్న సన్నని పాదాలు, వాటి మీద నేలను ఊడ్చే చీర కుచ్చిళ్ళు. అంతే. కన్నతల్లి కాళ్ళు ఎలా ఉంటాయో తెలీదని చెప్పడానికి సిగ్గుపడి, 'బాగానే ఉంటాయి' అనేశాను.

ఊరికి తిరిగిరాగానే మా అత్త పథ్యం ఎత్తేసింది. డాక్టరమ్మ చేపలు తినమందని చెబితే, ఆ మాట ముందే చెప్పి చావొచ్చు గదా ఆ కాంపౌండరు అని తిట్టుకుంటూ ఆ రోజే పులుసు పెట్టింది. దొరువు దగ్గర మాత్రం పని అంత తేలిగ్గా జరగలేదు. పెద్దామె నేను చెప్పిందంతా విన్నది. తల ఊపింది. ఆఖరున, "డాక్టరమ్మ మంచిదే. ఆమె తాగేది నెల్లూరు నీళ్ళు. ఇవి మా బిడ్డలు తాగే నీళ్ళు. చూస్తే బోదలాగే ఉండాది. నాకు పేరు చెప్తే సరిపోదు అమ్మణ్ణీ" అంది. మళ్ళీ నా బిందె తనే నింపింది. ఆమెకు అందులో దురుద్దేశమేమీ లేదు. అదే నాకు ఎక్కువ కోపం.

పదిరోజుల్లోపే పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళాను. మా నాయన పొలం పోయిన వేళ చూసి, వంటింట్లో మా అమ్మ ముందు కూర్చున్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. పాదం బాగుంటుందని, రెండూ సమంగా వస్తాయని, నీరు కాదని, అంటుజబ్బు కాదని. మా అమ్మ పొయ్యిలో పుల్లలు సర్దుతూ వింది. తల్లివైపు నుంచి వస్తుందందమ్మా అన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నా కాళ్ళు చూడకండానే చెప్పినాదా?" అని అడిగింది.

"చూడకండానే చెప్పినాది."

ఆమె లేచి తలుపు గడియ పెట్టింది. మళ్ళీ పీట మీద కూర్చుని, కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తీసింది. అవి నా కాళ్ళే. నావికంటే లావు, వయసు మీద పడి ఇంకాస్త వాలినవి. చీలమండ దగ్గర అదే మడత, కింద అదే పాదం. పిక్క మీద పచ్చగా, నల్లగా కమిలిన మచ్చలు. నేను పుట్టాక వచ్చాయట, అప్పట్నుంచీ ఆమె బోదకాలనే అనుకుందట. మా నాయనకు తెలుసట, ఆయన కూడా ఎవరికీ చెప్పలేదట. తెల్లవారకముందే తడిక వెనక స్నానం, ఎండాకాలంలో కూడా కాళ్ళ మీద దుప్పటి, కయ్యల వైపు పోకపోవడం, పెళ్ళిళ్ళలో గోడవారగా కూర్చోవడం. ఇవన్నీ నేను ఆమె తీరనుకున్నాను. మా అమ్మ పెద్ద గుట్టు మనిషని నవ్వుకునేదాన్ని కూడా.

"మంచం పట్టె తగిల్తే ఎట్టుంటాది నీకు?" అని అడిగింది.

"కళ్ళల్లో నీళ్ళొస్తాయి."

"నాకూ అంతే. నువ్వు చిన్నప్పుడు ఒళ్ళోకి ఎక్కుతావుంటే కిందికి దించేసేదాన్ని. ఎందుకు దించుతావని మీ నాయనమ్మ తిట్టేది."

నాకు దుఃఖం ఆగలేదు. మా అమ్మ ఎత్తుకోదని, నేనంటే అంత ఇష్టం లేదేమోనని చిన్నప్పుడు అనుకున్న రోజులున్నాయి. ఆ మాట ఇప్పుడు చెప్పాను. ఆమె నా తల నిమురుతూ కూర్చుంది. పొయ్యి మీద కూర మాడిపోయింది. ఆ పూట మా నాయన మాడుకూరే తిన్నాడు.

తర్వాత ఆమె పెద్దామె ఏమన్నదని మళ్ళీ అడిగింది. పేరు చెప్తే సరిపోదందని చెప్పాను. "నిజమే గదా, ఆమె మాత్రం ఎట్టా నమ్ముతాది" అని ఊరుకుంది. మర్నాడు నేను బయలుదేరే వేళకు చీర మార్చుకుని, సంచి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఎక్కడికమ్మా అంటే, మీ ఊరికి అంది.

పొద్దున్నే దొరువు దగ్గర పదిమంది దాకా ఉన్నారు. మా అమ్మను చూసి పలకరించారు, ఎప్పుడొచ్చావు వదినా అని. మా అమ్మ గట్టు మీద చెంబెడు నీళ్ళతో పాదాలు కడుక్కుంది. అందరిలాగే చీర పైకి తీసి ఎగగట్టింది. ఎవరో చిన్నపిల్ల చూపించబోతే వాళ్ళమ్మ ఆ చెయ్యి కిందికి లాగింది. నేను అప్పటికే భయపడుతున్నాను. నన్ను ఒక్కదాన్నే గట్టున నిలబెట్టారు ఇన్నాళ్ళూ; ఇప్పుడు ఇద్దరినీ నిలబెడతారేమోనని, నా కూతుర్ని కూడా రేపు అలాగే చూస్తారేమోనని.

మా అమ్మ పెద్దామెతో మాట్లాడింది.

"వదినా, మీ ఊరి కోడలు, నా బిడ్డ, పుట్టినప్పట్నుంచీ ఇవి నా కాళ్ళు. ఒక్క రోజు జొరం ఎరగను. పాదాలు చూడు, ముట్టుకుని చూడు. నా మొగుడికి రాలా, ముగ్గురు కొడుకులకు రాలా, ఒకే ఇంట్లో ఒకే కుండ నీళ్ళు తాగినాం. దీనికి మాత్రం నా కడుపున పుట్టినందుకు వచ్చినాది. నా ముక్కు వచ్చినట్టే ఇవీ వచ్చినాయి. రేపు నా మనవరాలికి వస్తే వస్తాయి. వస్తే మాత్రం దాన్ని గట్టున నిలబెట్టొద్దు."

పెద్దామె కింద గొంతుకూర్చుంది. మా అమ్మ పాదం పట్టుకుని చూసింది, వేళ్ళు ఒక్కొక్కటే కదిలించి చూసింది. తర్వాత నా పాదం. పిక్క మీద కొంచెం నొక్కితే మా అమ్మ చురుక్కుమన్నట్టు వెనక్కి జరిగింది. పెద్దామె చెయ్యి తీసేసి, "ఇంత నొప్పి పెట్టుకుని ఎట్టా తిరిగినావమ్మా ఇన్నాళ్ళూ" అంది. లేచి, గట్టు మీదున్న నా బిందె తీసి నా చేతికిచ్చింది.

"పో. దిగు. చూసి దిగు, మూడో మొద్దు పాకుడు పట్టినాది."

నేను దిగాను. నీళ్ళు చల్లగా పిక్కలకు తగిలాయి, డాక్టరమ్మ చెప్పినట్టు హాయిగానే ఉంది. బిందె నింపుకున్నాక గట్టున నా బోదకాలు స్నేహితురాలి బిందె కనబడితే అది కూడా నింపి ఇచ్చాను. మా అమ్మ చీర దించకుండానే మొద్దుల మీద నా వెనకే దిగొచ్చి, దోసిలి పట్టి నీళ్ళు తాగింది. మూడు దోసిళ్ళు తాగింది.

"నీకు ఈ సంబంధం చూసేదానికి వచ్చినప్పుడు మీ నాయన వీళ్ళ కయ్యలు చూసుకుంటా పోయినాడు" అంది, మూతి తుడుచుకుంటూ. "నేను నడవలేకపోయినా ఈ దొరువు దాకా వచ్చి నీళ్ళు తాగి చూసినా. ఈ నీళ్ళు తాగితే నీకు నా కాళ్ళు రావనుకున్నా. అందుకే నిన్ను ఇంత దూరం ఇచ్చినా."